తుమ్మిన సోలార్ ప్యానెల్

వనపర్తి నుంచి ఒక కొత్త టీచరమ్మ నాకు ఫోన్ చేసింది. నౌకరీలో చేరి నెల రోజులైందట. "మేడం, ఏడో తరగతికి సౌరశక్తి పాఠం చెప్పాలె. మీరు పిల్లలతోని సోలార్ ట్రాకర్ చేయించిండ్రట కదా. అదెట్ల పనిచేసిందో జర చెప్తరా" అని అడిగింది.

"పని చెయ్యలేదమ్మా" అన్న.

ఆ పిల్ల "ఓహో" అని, నా ఆరోగ్యం ఎట్లుందో అడిగి పెట్టేసింది. పాపం, ఆమెకు కావాల్సింది పనిచేసిన కథ. నా దగ్గర ఉన్నది పని చెయ్యని కథ. అయినా నా సర్వీసులో నాకు అక్కరకొచ్చింది అదే కాబట్టి, ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ల కోసం రాస్తున్న. ఎన్నడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పిండ్రు అనేవి ఇందులో ఉండవు. శాలువాలన్నీ ఇప్పుడు మా ఇంట్ల మిక్సీ మీద, టీవీ మీద కప్పి ఉన్నయి.

నోరు తిరగని మాట

నా మొదటి పోస్టింగు తెలకపల్లి మండలంలో ఒక ఊరు. అప్పుడు నాకు పుస్తకం మీద మహా భక్తి. పాఠం పేరు 'పునరుత్పాదక శక్తి వనరులు'. మొదటి పీరియడంతా ఆ మాట పలికించుడుతోనే అయిపోయింది. రెండో పీరియడు కూడా. మూడోనాడు పరీక్ష పెడితే సగం మంది 'పునర్జన్మ శక్తి' అని రాసిండ్రు. ఒకడు ఇంకో అడుగు ముందుకుపోయి, బొగ్గు చచ్చిపోయినంక మళ్లా గాలిగా పుడుతుందని వివరం కూడా ఇచ్చిండు.

నేను ఎర్ర పెన్నుతో అన్నీ కొట్టేసిన. బయట ఎండ కాలిపోతున్నది. నేను గదిలో ఫ్యాను కింద నిలబడి, నల్లబల్ల మీద సూర్యుని బొమ్మ గీసి, ఇది సూర్యుడు అని చెప్తున్న. కిటికీలోంచి చూస్తే నిజం సూర్యుడే కనపడుతుండె. ఒక్క పిల్లవాణ్ణి కూడా బయటికి తీసుకుపోలేదు. బయటికి పోతే క్రమశిక్షణ పోతుందని భయం. కొత్తగా వచ్చేవాళ్లకు ఈ భయం ఉంటది, తప్పు కాదు. కానీ నాకు అది పదేళ్లు ఉండె. అది తప్పే.

కోతి ఎత్తుకపోయింది

కొల్లాపూర్ దగ్గరికి బదిలీ అయినంక జర ధైర్యం వచ్చింది. అట్టపెట్టెకు లోపల మెరిసే కాగితం అంటించి, మీద గాజుపలక పెట్టి సోలార్ కుక్కర్ చేయించిన. అందులో కోడిగుడ్డు పెట్టి, సాయంత్రానికి ఉడుకుతుందో లేదో చూసి 'పరిశీలన' రాయమన్న. మామిడితోటల ఊరు కదా, కోతులకు కొదవ లేదు. ఒక కోతి వచ్చి గాజుపలక పక్కన పెట్టి, మెరిసే కాగితంలో తన మొహం చూసుకుని, పళ్లు ఇకిలించి, గుడ్డు తీసుకుని పోయింది.

పిల్లలందరూ 'పరిశీలన: గుడ్డు కోతి ఎత్తుకపోయింది' అని రాసిండ్రు. నేను అందరికీ సున్నా వేసిన. 'గుడ్డు ఉడికినది' అని రాసిన ఒక్క పిల్లకు మాత్రం పదికి పది.

ఇప్పుడు తలచుకుంటే సిగ్గనిపిస్తది. కళ్లతో చూసింది రాసినవాళ్లకు సున్నా, చూడంది రాసిన పిల్లకు పది. ఆ పిల్ల తర్వాత ఏమైందో తెల్వదు. ఏ పెద్ద ఆఫీసులోనో రిపోర్టులు రాస్తుండొచ్చు.

ఎండను చూస్తే మొహం తిప్పుకునేది

ఇక అసలు కథ. నా చివరి స్కూలు అయిజకు దగ్గర్లో ఒక ఊళ్లో. కర్ణాటక అంచు కాబట్టి మాటల్లో కన్నడం కలుస్తది. అల్లరి చేసే పిల్లల్ని 'సుమ్నె కూసో' అంటరు, అంటే నోరు మూసుకుని కూర్చోమని. నాకు అక్కడ అన్నిటికంటే ముందు వచ్చిన మాట అదే.

మా హెడ్మాస్టరు సారుకు పల్లీ చేను ఉండె. రాత్రిపూట అడవిపందులు వచ్చి పల్లీ తవ్వుకుపోతయని, చేనులో గుంజకు సోలార్ లైట్లు రెండు కట్టించుకున్నడు. అందులో ఒకదాని బల్బు చెడిపోతే దాని పలక తెచ్చి నాకు ఇచ్చిండు. "మేడం, దీంతోని పిల్లలకు ఏమన్న చెయ్యిరి. జిల్లా నుంచి సైన్స్ ఆఫీసరు సారు వస్తుండు. మన స్కూలు పేరు నిలబడాలె" అన్నడు.

సోలార్ ట్రాకర్ చేద్దామనుకున్న. అంటే సూర్యుడు ఎటు జరిగితే పలక అటు తిరగాలె. అందుకు వెలుతురును పసిగట్టే చిన్న బిళ్లలు రెండు ఉంటయి. రెండింటి నడుమ ఒక అట్టముక్క అడ్డం పెడ్తం. ఎండ పక్కకు జరిగితే ఒక బిళ్ల మీద అట్ట నీడ పడ్తది. అప్పుడు మోటరు వెలుతురు ఉన్న దిక్కు తిరిగి, రెండు బిళ్లల మీద ఎండ సమానంగా పడ్డంక ఆగుతది.

ఇది ఏడో తరగతికి చెప్తుంటే వెనక బెంచీ నుంచి జములమ్మ లేచింది. సన్నగా, పొట్టిగా ఉంటది. అమ్మవారి పేరు పెట్టుకున్నరు కానీ అందరూ జములు అనే పిలుస్తరు.

"టీచర్, మా అవ్వ కూడ గిట్లనే తిరుగుతది" అన్నది.

"ఎట్ల తిరుగుతది?"

"చలికాలం ఎండల మంచమేసుకుని పండుకుంటది. నీడొస్తే మంచం జరుపుతది. పొద్దుగూకేసరికి వాకిలి ఈ మూల నుంచి ఆ మూలకు పోతది. మొన్న పక్కింటోళ్ల వాకిట్లకు పోయింది."

క్లాసంతా నవ్వింది. నేను "సుమ్నె కూసో" అన్న. ట్రాకర్ టీములోకి ఐదుగురిని తీసుకున్న. అందరూ ముందు బెంచీల వాళ్లే. వాళ్లకు లీడరు నవీన్. పాఠం మొత్తం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పుతడు. జములమ్మను తీసుకోలేదు. తీసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

వారంలో ట్రాకర్ తయారైంది. ఎండలో పెట్టినం. అది మెల్లగా కదిలి, సూర్యునికి పూర్తిగా వీపు పెట్టి, గోడ దిక్కు చూస్తూ నిలబడింది. మళ్లా తిప్పి పెట్టినం. మళ్లా మొహం తిప్పుకుంది.

"అలిగింది టీచర్" అన్నడు నవీన్.

మోటరు వైర్లు రెండు నేనే అటుదిటు కలిపిన. సరిచేసినంక బుద్ధిగా ఎండ దిక్కు తిరిగింది. అయితే మధ్యాహ్న భోజనం టైముకు పిల్లలు స్టీలు పళ్లాలు పట్టుకుని వరుసగా దాని ముందు నుంచి నడిచిండ్రు. పళ్లాల మీద ఎండ తళతళ మెరుస్తుంటే ట్రాకర్ సూర్యుణ్ణి వదిలిపెట్టి ఒక్కో పళ్లెం వెంట తిరుగుడు మొదలుపెట్టింది. వంట చేసే లక్ష్మమ్మ చూసి, "దీనికి కూడ ఆకలైతున్నట్లుంది టీచరమ్మా, ఒక గరిటె పప్పు పొయ్యమంటరా" అన్నది.

మోటరు ఎవరు కాల్చిండ్రు

ఆఫీసరు రేపు వస్తుండనంగ హెడ్మాస్టరు సారు వచ్చి ట్రాకర్ను చూసిండు. అది తిరుగుతున్నది కానీ చాలా మెల్లగా. సూర్యుడే మెల్లగా జరుగుతడు కదా మరి.

"మేడం, ఇది తిరుగుతున్నట్టే కనిపిస్తలేదు. సారు ఐదు నిమిషాలు ఉంటడు. ఆ ఐదు నిమిషాల్ల ఏమన్న కనిపించాలె" అన్నడు.

ఆ మాట నాకు తప్పుగా అనిపించలేదు. ఇంటి నుంచి ఒక పెద్ద అడాప్టరు తెచ్చి మోటరుకు పెట్టిన. పలక గిర్రున తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. మూడు చుట్లు తిరిగి, కాలిన వాసన ఒకటి వదిలి, ఆగిపోయింది. మళ్లా కదలలేదు.

పిల్లలు నా దిక్కు చూసిండ్రు. "వోల్టేజి హెచ్చుతగ్గులు" అని చెప్పిన. అది అబద్ధం. కాల్చింది నేను. ఇన్నేళ్లు నోటితో చెప్పలేకపోయిన, ఇప్పుడు రాసి చెప్తున్న.

హెడ్మాస్టరు సారు గడ్డం గోక్కుని, "ఒక పని చేద్దాం మేడం. టేబుల్ మీద పెద్ద బట్ట కప్పుదాం. కింద ఒక పిల్లను కూసోబెడదాం. పలకకు రెండు దారాలు కడితే ఆ పిల్ల లాగుతది. ఎవరికి తెలుస్తది?" అన్నడు.

నేను వద్దనలేదు. వద్దనడానికి నా దగ్గర మోటరు లేదు. టీములో ఐదుగురూ పొడుగు, టేబుల్ కింద పట్టరు. క్లాసులో అందరికంటే పొట్టి పిల్ల ఎవరా అని చూసినం.

బట్ట కింద

జములమ్మ ఎందుకు, ఏంది అని అడగలేదు. "దారం ఎప్పుడు లాగాలె టీచర్" అని మాత్రం అడిగింది.

"నేను టేబుల్ మీద కర్రతో కొడ్త. ఒకసారి కొడితే జరంత లాగు" అన్న.

పొద్దున తొమ్మిదింటికి వాకిట్లో ఎండలో టేబుల్ వేసినం. స్కూలు పచ్చబట్ట కప్పినం. జెండా పండుగనాడు అగరుబత్తి తగిలి దానికి ఒక చిన్న బొక్క పడి ఉండె. అది ఎండ దిక్కు వేలాడే అంచుల వచ్చింది, ఎవరికీ కనిపించదులే అనుకున్న. జములమ్మ ఒక చాక్‌పీసు ముక్క చేతిలో పట్టుకుని లోపలికి దూరింది. చాక్‌పీసు ఎందుకని నేను అడగలేదు. మొదటి గంట సేపు కర్రతో కొట్టుకుంట పలక సరిగా తిరిగేటట్టు అలవాటు చేసిన.

ఆఫీసరు పదింటికి వస్తడన్నరు. పదైంది. పదకొండైంది. నేను గేటు దగ్గరికి, హెడ్మాస్టరు గదికి, మళ్లా గేటు దగ్గరికి తిరుగుతున్న. టేబుల్ సంగతే మర్చిపోయిన. పక్క కళ్లంలో మిరపకాయలు ఎండబోసిండ్రు. గాలి కొడితే ఘాటు మా వాకిట్లకే వస్తది.

పన్నెండుకు దగ్గర పడుతుంటే కారు వచ్చింది. ఆఫీసరు సారు నడివయసు మనిషి, తక్కువ మాట్లాడుతడు. సరాసరి టేబుల్ దగ్గరికి వచ్చిండు. నేను పలకను చూసి తెల్లబోయిన. దాదాపు రెండు గంటల నుంచి నేను ఒక్కసారి కూడా కర్రతో కొట్టలేదు. పలక మాత్రం సూర్యునికి సరిగ్గా ఎదురుగా ఉన్నది.

నవీన్ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పిండు. ఆఫీసరు అంతా విని, చెయ్యి చాపి ఒక బిళ్ల మీద నీడ పెట్టిండు. నిజమైన ట్రాకర్ అయితే పక్కకు తిరగాలె. పలక కదలలేదు.

"తిరుగుతలేదేంది?" అన్నడు.

నవీన్ తడుముకోలేదు. "సార్, అది చాలా తెలివైనది. మీ చెయ్యిని గుర్తుపట్టింది. సూర్యుడు కాదని దానికి తెల్సు" అన్నడు.

ఆఫీసరు చెయ్యి తీసిండు. సరిగ్గా అప్పుడే కళ్లం దిక్కు నుంచి గాలి వచ్చింది. సోలార్ ప్యానెల్ తుమ్మింది. ఒకసారి తుమ్మి ఊరుకోలేదు, మూడుసార్లు తుమ్మింది. ప్రతి తుమ్ముకూ పలక తల ఊపింది.

ఆఫీసరు హెడ్మాస్టరును చూసిండు. హెడ్మాస్టరు నన్ను చూసిండు. నేను ఆకాశంలో ఒక కొంగ పోతుంటే దాన్ని చూసిన.

బట్ట లేచింది. జములమ్మ చేతులు, మోకాళ్ల మీద బయటికి వచ్చి, ముక్కు తుడుచుకుని నిలబడింది. "నమస్తె సార్. మోటరు కాలిపోయింది. నేనే తిప్పుతున్న" అన్నది.

నా కాళ్ల కింద భూమి చీలితే బాగుండని ఉండె. ఆ పిల్లతో అబద్ధం ఆడించబోయిన మనిషిని నేను. ఆమె నా పేరు చెప్పలేదు.

ఆఫీసరు కోపం చెయ్యలేదు. "బట్ట కింద ఉంటే సూర్యుడు కనిపించడు కదా. ఎటు తిప్పాలో నీకెట్ల తెల్సింది? టీచర్ చెప్పిందా?" అన్నడు.

"టీచర్ కర్రతోని కొడ్తనన్నది సార్. కొట్టలేదు. పరేషాన్ల ఉండె కావచ్చు." జములమ్మ బట్టకున్న బొక్క చూపించింది. "దీంట్లకెళ్లి ఎండ చుక్క కింద పడ్తది. పొద్దుగాల టీచర్ కొట్టినప్పుడల్ల చుక్క యాడుందో చాక్‌పీసుతోని గీసిన. ఒక కొట్టుకు, ఇంకో కొట్టుకు నడుమ జాగా సమానంగ వచ్చింది. ఇగ తర్వాత చుక్క అంత జరిగినప్పుడల్ల నేనే ఒక లాగుడు లాగిన. చుక్క ఉల్టా నడుస్తది సార్. పొద్దు పడమటికి పోతే చుక్క తూర్పుకు పోతది."

ఆఫీసరు బూట్లు విప్పి, టేబుల్ కిందికి దూరిండు. కొంచెంసేపటికి లోపలి నుంచి "హెడ్మాస్టరు సారూ, జర రండి" అని వినపడింది. మా హెడ్మాస్టరు భారీ మనిషి. ఆయన దూరితే టేబుల్ లేచి నిలబడినంత పనైంది. అప్పుడే అన్నం గంట కొట్టిండ్రు. మూడు వందల మంది పిల్లలు పళ్లాలు పట్టుకుని బయటికి వచ్చి, బట్ట కింద నుంచి బయటికి పెట్టి ఉన్న నాలుగు పెద్ద కాళ్లను చూసిండ్రు. ఎవరూ నవ్వలేదు. అదేదో పాఠమనుకున్నరు. నిజంగా పాఠమే.

ఆఫీసరు బయటికి వచ్చి చొక్కా దులుపుకున్నడు. "ఎల్లుండి మండల ప్రదర్శనకు ఇదే తీసుకరండి. బట్ట మాత్రం తీసెయ్యండి. దాని బదులు బొక్క పెట్టిన అట్టముక్క ఒకటి పెట్టుకోండి" అని నాతోని చెప్పి పోయిండు.

అగ్నిపర్వతం

సాయంత్రం క్లాసులో నిలబడి, చేసింది తప్పని పిల్లలకు చెప్పిన. మోటరు సంగతి అప్పుడు కూడా చెప్పలేదు, కానీ టేబుల్ సంగతి చెప్పిన. జములమ్మను వేరుగా పిలిచి, "నిన్ను కింద కూసోబెట్టుడు మంచిగ చెయ్యలేదు బిడ్డా" అన్న.

"ఏం కాదు టీచర్. ఎల్లుండి నేను పైన నిలబడి చెప్త. మీరు కింద కూసోరి" అన్నది.

ఎగతాళికి అనలేదు. లెక్క ప్రకారం ఎవరో ఒకరు కూర్చోవాలె కదా అన్నట్టు అన్నది. టీములో అందరూ పొడుగే, పొట్టిదాన్ని నేనే. కాబట్టి మండల ప్రదర్శనలో, రిటైర్మెంటుకు ఏడాది ముందు, ఇస్త్రీ చీర కట్టుకుని, మోకాళ్లకు తైలం రాసుకుని నేను టేబుల్ కింద కూర్చున్న. ఈసారి బట్ట లేదు. పక్క స్కూళ్ల టీచర్లు వచ్చి ఫోటోలు తీసుకున్నరు. ఒకామె వంగి, "ఆరోగ్యం బాగుందా మేడం" అని అడిగింది.

పైన జములమ్మ చెప్తుంటే నేను కింద చుక్క చూసుకుంట దారం లాగుతున్న. ఆమె తొందర పడదు. తెల్సిన మాటలే వాడుతది. అవ్వ మంచంతోని మొదలుపెట్టింది. మంది నవ్విండ్రు, ఆమె కూడా నవ్వి మళ్లా అందుకుంది. ఒక పెద్దమనిషి అడిగిండు, "ఇంత తిప్పితే లాభమెంత? ఊకె పెట్టినదానికంటే ఎంత ఎక్కువ కరెంటు వస్తది?"

నాకు పుస్తకంలోని ఆ జవాబు కంఠతా వచ్చు. కింద నుంచి అందిద్దామని తల బయటికి పెట్టేలోపల జములమ్మ చెప్పింది. "తెల్వదు సార్. మేం కొలవలేదు. కొలిచి చెప్తం."

నేను తల లోపలికి తీసుకున్న. అన్నేళ్లలో క్లాసులో నిలబడి 'తెల్వదు' అన్నది ఒక్కసారి కూడా లేదు నేను.

మొదటి బహుమతి ఇంకో స్కూలు పిల్లలు చేసిన అగ్నిపర్వతానికి వచ్చింది. సబ్బు నురుగ ఎర్రగా పొంగుతుంటే జడ్జీలు కూడా చప్పట్లు కొట్టిండ్రు. మా దిక్కు అగ్నిపర్వతం ఎవరూ చూసింది లేదు, ఎండ మాత్రం అందరి నెత్తి మీదా ఉంటది. అయినా నురుగతోని ఎవరు పోటీ పడతరు?

సోమవారం జములమ్మ, నవీన్ కలిసి కొలుస్తమని వచ్చిండ్రు. ఒకరోజు తిప్పి, ఒకరోజు తిప్పకుండా చూద్దామని జములమ్మ. ఒకరోజు మబ్బు పడితే లెక్క చెడుతది, రెండు పలకలు ఒకేరోజు పక్కపక్కన ఉండాలని నవీన్. వాడు అప్పజెప్పకుండా ఆలోచించి మాట్లాడుడు నేను చూసుడు అదే మొదలు. రెండో పలక కోసం హెడ్మాస్టరు సారు తన చేనులో పనిచేస్తున్న లైటు విప్పుకొచ్చిండు. ఆ వారం పందులు పల్లీ బాగానే తిన్నయట. ఆయన ఆ మాట నవ్వుకుంటనే చెప్పిండు. దారాల ఉపాయం చెప్పినందుకు ఆయన మీద నాకున్న కోపం కొంత అప్పుడు పోయింది.

మొదటి రోజు మబ్బు. రెండో రోజు మబ్బు. 'మబ్బు' అని రాసినం. ఈసారి నేను సున్నా వెయ్యలేదు. మూడో రోజు ఎండ వచ్చింది. ఒక పలకను దక్షిణం దిక్కు కదలకుండా పెట్టినం, ఇంకోదాన్ని గంట గంటకు తిప్పినం. జములమ్మ పలకలకు కట్టిన కరెంటు మీటర్లు చదువుతుంటే నేను నోట్‌బుక్కులో రాస్తున్న. పొద్దున తిప్పిన పలకకు చాలా ఎక్కువ వచ్చింది. పది గంటలకు తేడా తగ్గింది. పదకొండుకు ఇంకా తగ్గింది. పన్నెండు దాటినంక రెండు మీటర్లు చూసి, మళ్లా చూసి, నవీన్‌ను కూడా పిలిచి చూపించింది.

"టీచర్, ఇప్పుడు రెండూ ఒక్కటే" అన్నది.

"అంటే ఏంది?" అన్న. నిజంగానే ఆమె నోట వినాలని ఉండె.

జములమ్మ పలకల దిక్కు చూసింది, పళ్లాల వరుస దిక్కు చూసింది. "ఇంకో గంట దాంక తిప్పే పని లేదన్నట్టు. అన్నం తిని రావొచ్చు."

నేను నోట్‌బుక్కు మూసి, ఆమె వెనక లైనులో నిలబడ్డ.